నలభై ఏడో గొంతు

41వ రోజు

ఈ నోటుబుక్కు నా సొంతం. సీతాఫలాల సంఘం వాళ్ళు చదివేది గొంతుల పుస్తకం, అది వేరు. అందులో రాయకూడనివన్నీ ఇందులో రాసుకుంటాను. ఇన్నేళ్ళూ రోజుల లెక్క సీతాఫలాల కాపు మొదలైన దగ్గర్నుంచి వేసేదాన్ని. ఈసారి నా దగ్గర పని నేర్చుకోవడానికి లింగేశ్వరి ఈ ఎర్రలొద్ది కాపలా మంచెకు వచ్చిన రోజు నుంచి వేస్తున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర కడుపుమంట తప్ప వేరే జవాబు లేదు.

ఇవాళ ఆ పిల్ల మొదటిసారి కూత వేసింది. మంచె కొత్తగా ఎక్కినవాళ్ళు నలభై రోజులు నోరు విప్పకూడదని ఇక్కడ కట్టుబాటు. ముందు కొండముచ్చుల మంద వాళ్ళ నడక, వాసన, దగ్గు ఎరగాలి. గొంతు ఆ తర్వాత. నలభై ఒకటో పొద్దున మంచె కొసన నిలబడి ఎవరి కూత వాళ్ళు వెయ్యాలి. మంద పలికితే ఆ గొంతు మందలోది అయినట్టు.

ఇరవై ఆరేళ్ళ కిందట నేను వేసిన కూతకు ఒక్కటీ పలకలేదు. మర్నాడూ పలకలేదు. నాకు మొదటి జవాబు రావడానికి ఆరేళ్ళు పట్టింది. అదీ ఆశమ్మ అనే ఆడ కొండముచ్చు ఒక్కతే. అప్పటికది పడుచుది, నోట్లో చిగురు నములుతూ "ఊఁ" అని ఊరుకుంది. ఆ రోజు నేను సంతోషంతో అన్నం తినలేదు.

లింగేశ్వరి "ఓ...హూ" అని ఇంకా నోరు మూయలేదు, తొమ్మిది జవాబులు. అందులో ఆశమ్మది మొదటిది. పైగా ఆ పిల్ల కూత కొసన గొంతు కొంచెం జార్చింది. ఆ జారుడు నాది. అడగకుండా ఎత్తుకుంది.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నా ఉద్యోగమే చెవులతో, కాబట్టి ఆ సామెత ఎవరో నా కోసమే కట్టినట్టుంది.

గొంతుల పుస్తకంలో నాలుగు గళ్ళు ఉంటాయి: నంబరు, పేరు, తల్లి, నమ్మకం. మంద పలికిన గొంతు, తోక ఉన్నా లేకున్నా, పుస్తకంలోకి ఎక్కాల్సిందే. నాది పంతొమ్మిది. ఆ పిల్లది నలభై ఏడు. మా ఇద్దరి తల్లి గడీ ఖాళీయే, మంచె మనుషులకు అది ఎవరూ నింపరు. నమ్మకం గడిలో నాకు "ఉంది" అని మా గురువు కిష్టమ్మ రాసిపెట్టింది. ఈ పిల్లకు నేను రాయాలి. చేతికి సిరా అంటిందని చెప్పి వదిలేశాను.

44వ రోజు

పొద్దున్నే కరెంటిచ్చే ఎండపలకల మీది మంచు తుడిచి, పట్టీల యంత్రం పెట్టాను. ముప్పై రెండు మంది కోతకు దిగారు. ముప్పై రెండు చేతిపట్టీలూ నా యంత్రం తెర మీద పచ్చగా వెలిగాయి. కొండముచ్చు చిరుతను చూస్తే ఖర్ర్‌మంటుంది. అప్పుడు నేను ఎర్రమీట నొక్కితే కింద పట్టీలన్నీ వణుకుతాయి, జనం బుట్టలు వదిలేసి ఒకచోట చేరతారు.

అయితే ఖర్ర్‌మన్నప్పుడల్లా నొక్కితే ఒక్క పండూ ఇల్లు చేరదు. పటాకి అని ఒక కుర్రది ఉంది, ఆకు రాలినా అరుస్తుంది. ఆశమ్మ పదిసార్లు అరిస్తే పదిసార్లూ చిరుతే. అరుపు ఒకటే, గొంతు వేరు. యంత్రం గొంతు గుర్తుపడుతుంది గానీ నమ్మాలో వద్దో చెప్పలేదు. ఊళ్ళో మాత్రం ఏం తక్కువ? పలుకుపెట్టె ఎవరి గొంతైనా అచ్చంగా పలుకుతుంది కాబట్టి, ఫోన్లో కన్నతల్లి మాట్లాడినా "మన బర్రె పేరేంది" అని అడిగి గానీ నమ్మడం లేదు.

ఆ పెట్టెల్ని ఒకప్పుడు ఈ అడవిలోనూ కట్టారు. ఒక ఆడ కొండముచ్చు గొంతు పట్టి, చిరుతల్ని బెదిరించడానికి చెట్ల మీంచి రోజంతా పలికించారు. వారం తిరిగేసరికి మంద ఆ గొంతును నమ్మడం మానేసింది. తర్వాత ఆ తల్లి నిజంగా చిరుతను చూసి అరిచినా ఎవరూ కదల్లేదు, రెండు పిల్లలు పోయాయి. అప్పటి నుంచి పెట్టెలు నోరు మూసుకుని చెట్లకే వేలాడుతున్నాయి.

ఇదంతా లింగేశ్వరికి చెప్పాను. నేర్పడం నా పని, దాంట్లో వంచన చేయలేను. ఇంతలో కింద పొదలో ఒక కొండముచ్చు పిల్ల కీచుమంది. లింగేశ్వరి గబుక్కున పొద వైపు చూసింది. నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. ఏడ్చే పిల్లను చూడకూడదు. పిల్ల ఏడిస్తే మందలో ఆడవన్నీ దాని తల్లి వైపు చూస్తాయి, "నీదే, లే" అన్నట్టు. ముగ్గురు ఒకరినే చూస్తే ఆమె తల్లి. ఆ రోజే పుస్తకంలో రాయాలి. రాశాక కొట్టివేత ఉండదు. ఇది కిష్టమ్మ పెట్టిన పద్ధతి.

"అయితే ఎవల పిల్లనో అందరికీ ఎర్కనే అన్నట్టు, పెద్దమ్మా" అంది.

నేను నీకు పెద్దమ్మను కాను, ఈదమ్మా అని పిలువు చాలు అని చెప్పాను. నాకు పిల్లల్లేరు, అందుకు ఏడుపూ లేదు. నాకున్నది నలభై ఐదు కొండముచ్చుల మంద. దానికి కూడా ఇవాళ భాగం పంచాల్సి వస్తోంది.

48వ రోజు

సంఘం పెద్ద బాలనర్సయ్య గాలిలో తేలివచ్చే బెలూను బండిలో వచ్చాడు. ఎప్పటిలా నాకు తమలపాకులు తెచ్చాడు. ఎప్పటిలా కాకుండా ఆ పిల్లకూ తెచ్చాడు.

అటూ ఇటూ తిప్పి చివరికి అసలు సంగతి చెప్పాడు. కాపు అయిపోయాక మంచె మీద ఒక్కరే ఉంటారట. రెండోవాళ్ళు కింద, పళ్ళ గుజ్జు ఆరబెట్టే షెడ్లకు పోవాలి. డెబ్బయ్యో రోజున ఆయన ముందర ఇద్దరం కూత వెయ్యాలి, ఎవరికి ఎక్కువ గొంతులు పలికితే వాళ్ళది మంచె.

"నీకేమక్కా, నీ మందనే గదా" అన్నాడు నవ్వుతూ.

ఆయన పోయాక లెక్క వేసుకున్నాను. నా కూతకు మామూలుగా ఏడు. ఆ పిల్లకు నిన్న పన్నెండు. ఆరబెట్టే షెడ్లలో ఈగల మోత తప్ప ఏ గొంతూ ఉండదు. కొండముచ్చులు అటు పోవు.

మధ్యాహ్నం ఆశమ్మ ఆ పిల్ల పక్కన కూర్చుని పేలు చూడమని వీపు తిప్పింది. నేను లోపలికి పోయి అంబలి గిన్నె తోమాను. నిన్న తోమిన గిన్నే.

52వ రోజు

రాయక తప్పదు. రాయకపోతే ఇది నాలోనే పులుస్తుంది.

పాత పలుకుపెట్టెల్లో ఒకటి ఇంకా బతికే ఉందని నాకు తెలుసు. మంచె వెనక లొద్దిలోకి, అంటే రెండు కొండల మధ్య నీళ్ళు దిగే లోతైన చీలికలోకి, పొద్దున ఒక్కదాన్నే దిగాను. సగం లోతులో నల్లమద్ది చెట్టుకు ఉంది అది. నిన్న లింగేశ్వరి కూత వేస్తుండగా పట్టిన గొంతు దానిలోకి ఎక్కించాను. రేపటి నుంచి రోజూ సరిగ్గా పదకొండింటికి పలకమని పెట్టాను.

అంతే. దెబ్బ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె గొంతు పలుకుతుంది, అక్కడ ఆమె ఉండదు. మంద వెళ్ళి చూస్తుంది, ఎవరూ ఉండరు. అబద్ధాల గొంతును మంద ఏం చేస్తుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ పిల్లకు ఆ కథ చెప్పిన నోటితోనే ఈ పని చేశాను.

57వ రోజు

పదకొండింటి పెట్టెకు మొదటి రోజు పదకొండు పలికాయి. తర్వాత ఎనిమిది, మూడు, ఒకటి. ఇవాళ సున్నా.

మంచె మీది నుంచి ఆ పిల్ల స్వయంగా వేసిన కూతకు నాలుగు. నాకు ఏడు. రాత్రి అన్నం హాయిగా దిగుతుందనుకున్నాను. దిగలేదు గానీ, తిన్నాను.

నిన్న ఆ పిల్ల మంచె కొసన కూర్చుంది. తానేమన్నా తప్పు చేసిందా, నూనె మార్చినందుకు వాసన గిట్టడం లేదా అని అడిగింది. మందకు కొన్ని రోజులు అట్లాగే ఉంటుందని చెప్పాను. ఇవాళ చూస్తే తలకు నూనె లేకుండా, సబ్బు లేకుండా వచ్చింది.

నాకు జాలి వేయలేదని రాసుకోవాలనుకున్నాను. ఈ నోటుబుక్కులోనైనా నిజం రాయాలి కదా. వేసింది. ఆశమ్మ మళ్ళీ వెళ్ళి ఆమె పక్కనే కూర్చునేసరికి, వేసిన జాలి కాస్తా పోయింది.

61వ రోజు

మూడు రోజులుగా లొద్ది నీళ్ళ దగ్గర చిరుత అడుగులు పడుతున్నాయని కోతవాళ్ళు చెప్పారు. పొద్దు వాలాక తాగిపోతోందట. అటు ఎవరూ దిగకూడదని అందరి పట్టీలకూ కబురు పంపాను. లొద్దిలోకి పట్టీల సంకేతం అందదు, దిగినవాళ్ళకు ఏమైనా అయితే నాకు తెలియదు.

లింగేశ్వరి సాయంత్రం నా దగ్గరకు వచ్చి గుసగుసగా చెప్పింది. "పెద్దమ్మా, లొద్దిల నా గొంతు ఇనబడ్తుంది. పదకొండు గొట్టంగనే. ఎవలో నా గొంతు వాడుకుంటుండ్రు."

తేలు కుట్టిన దొంగను నేను. అది కొండ మారుపలుకని, పొద్దున నువ్వు వేసిన కూతే తిరిగి తిరిగి వస్తుందని చెప్పాను. కూతకు నాలుగు గంటల తర్వాత వచ్చే మారుపలుకు ఏ కొండలోనూ ఉండదు. ఆ పిల్ల నా ముఖం చూసి తల ఊపింది. పెద్దమ్మా అని పిలవొద్దని చెప్పడం కూడా మరిచిపోయాను.

63వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి, కోతవాళ్ళకు రెండు పట్టీలు ఇచ్చివస్తానని లింగేశ్వరి మంచె దిగింది. నేను పైనే ఉన్నాను. మంచె పక్క మద్ది కొమ్మల మీద మందలో పదకొండు ఆడవి, పిల్లలు. ఎండ బాగా కాస్తోంది.

పదీ యాభైకి లొద్దిలో నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఓ...హూ." పెట్టె పది నిమిషాలు ముందుకు పోయిందనుకున్నాను. పాతది కదా, గడియారం తప్పి ఉంటుంది.

తల ఎత్తితే పదకొండూ నన్ను చూస్తున్నాయి. ఒక్కటీ పలకలేదు. ఆశమ్మ నోట్లో ఆకు నమలడం ఆపేసింది. నా వెనక పామేమైనా ఉందేమోనని తిరిగి చూసుకున్నాను. ఏమీ లేదు. నా దొంగతనం కనిపెట్టాయేమోనని కూడా అనిపించింది. నాకు కోపం వచ్చింది. "ఏంది? గది పెట్టె" అని వాటికే చెప్పాను, పిచ్చిదానిలా.

సరిగ్గా పదకొండింటికి లొద్దిలో నుంచి ఆమె గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్కటీ తల ఎత్తలేదు. ఆశమ్మ ఆకు నములుతూనే ఉంది. పటాకి కూడా గోక్కోవడం ఆపలేదు.

అది పెట్టె. మరి మొదటిది?

నాకు రెండూ ఒకటే. ఇరవై ఆరేళ్ళుగా నలభై గొంతులు కళ్ళు మూసుకుని చెప్పే చెవులకు, పక్కలో పడుకునే పిల్ల గొంతుకూ డబ్బా గొంతుకూ తేడా తెలియలేదు. వాటికి తెలిసింది. అంతలో మూడోసారి వచ్చింది, సన్నగా, కొసన జారుతూ. పదకొండు ముఖాలూ మళ్ళీ నా వైపు తిరిగాయి. లొద్ది వైపు ఒక్కటీ చూడలేదు.

ఏడ్చే పిల్లను చూడవు. తల్లిని చూస్తాయి. నెత్తిన మొట్టి మరీ నేర్పాను కదా.

నీదే, లే.

పదిహేడు మెట్లూ ఎలా దిగానో తెలియదు. లొద్దిలో సగం దూరం కూర్చుని జారాను. లింగేశ్వరి నల్లమద్ది కింద పడి ఉంది. మడమ వాచి కుండంత అయింది. తన గొంతు వాడుకునేదెవరో చూద్దామని దిగితే పాకుడు రాయి మీద కాలు జారిందట. ఎంత సేపటి నుంచి పిలుస్తోందో, గొంతు బొంగురుపోయింది. ఆమె నన్ను చూడలేదు. తల పైకెత్తి చెట్టుకున్న పెట్టెను చూస్తోంది.

"గిది నువ్వే పెట్టినవా, పెద్దమ్మా?"

"నేనే పెట్టిన."

నేను తలగుడ్డ విప్పి మడమకు కట్టాను. కట్టనిచ్చింది.

"మరి ఎట్లొస్తివి? నా పిలుపు పెట్టెదనుకోలేదా?"

"అనుకున్న. మంద నా దిక్కు చూసింది."

ఆ పిల్లకు అర్థమైంది. నేర్పినది ఒక్కటీ మరిచిపోయే రకం కాదు. ముఖం పక్కకు తిప్పుకుంది. పెట్టె తాడు కోసి, దాన్ని నడుముకు కట్టుకుని, ఆమెను వీపున వేసుకుని పైకి ఎక్కాను. మూడుచోట్ల ఆగాను.

సాయంత్రం నాలుగున్నరకు లొద్ది వైపు చూసి ఒకే ఒక్క గొంతు ఖర్ర్‌మంది. ఆశమ్మ. నేను ఎర్రమీట నొక్కి, వెనక్కి తిరిగి లింగేశ్వరి పడుకున్న చోటు చూసుకున్నాను.

64వ రోజు

ముగ్గురు చూస్తే రాయాలి. చూసిన రోజే రాయాలి. నిన్న పదకొండు మంది చూశారు, రెండుసార్లు. దీపం పెట్టుకుని నిన్ననే రాశాను. నలభై ఏడో గొంతు. పేరు లింగేశ్వరి. తల్లి గడిలో: ఈదమ్మ, పంతొమ్మిదో గొంతు. నమ్మకం గడిలో "ఉంది" అని కూడా రాశాను. అది నలభై ఒకటో రోజునే రాయాల్సింది.

తొమ్మిది జవాబులు ఎందుకు వచ్చాయో కూడా ఇప్పుడు తెలిసింది. నలభై రోజులు నా వెనకే నడిచింది, నా గిన్నెలో తిన్నది, నా పక్కన పడుకుంది, నా జారుడుతో కూసింది. మంద దృష్టిలో కొత్త మనిషి రాలేదు. ఈదమ్మ పిల్ల నోరు విప్పింది, అంతే. నా ఇరవై ఆరేళ్ళను చూసి ఆమెకు పలికాయి. నేనేమో నన్ను చూసి నేనే కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

పొద్దున ఆ పిల్ల పుస్తకం అడిగి తీసుకుని చూసింది.

"గా పేరు కొట్టెయ్."

"పుస్తకంల కొట్టివేతలుండవు" అన్నాను.

పుస్తకం మూసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె కోపం న్యాయమైనది. నేను దాన్ని తక్కువ చేసి రాయను.

బాలనర్సయ్యకు ఫోను చేసి మొత్తం చెప్పాను. మొదట నమ్మలేదు. గొంతు నీదేనని ఏం నమ్మకం, మంచెకు మెట్లెన్నో చెప్పు అన్నాడు. పదిహేడు, తొమ్మిదోది విరిగింది, నువ్వు మూడేళ్ళుగా బాగు చేయిస్తానంటున్నావు అని చెప్పాను. అప్పుడు నమ్మాడు. పరీక్ష అక్కర్లేదని, ఎల్లుండి షెడ్లకు దిగమని అన్నాడు. "గిట్లెట్ల చేసినవక్కా" అని ఒక్కమాట అని పెట్టేశాడు.

66వ రోజు

బెలూను బండి వద్దన్నాను, నడిచే దిగుతున్నాను. మూటలో రెండు చీరలు, కిష్టమ్మ ఇచ్చిన గొంగడి, ఆ పెట్టె. పెట్టె బ్యాటరీ పీకేశాను. గొంతుల పుస్తకం మంచె మీదే వదిలేశాను, అది ఇక ఆ పిల్లది.

ఎముక విరగలేదు, మడమ బెణికింది. కుంటుతూ కూర్చోగలదు, మీట నొక్కగలదు. మూడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు చేసిపెట్టాను. కారం పొడి ఎక్కడుందో, ఏ ఎండపలక సతాయిస్తుందో, పటాకి అరిస్తే ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పాను. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. పోయొస్తానని చెప్పి దిగాను. తొమ్మిదో మెట్టు దగ్గర కాస్త ఆగాను.

దారి మలుపు తిరిగితే మంచె ఇక కనబడదు. అక్కడ మూట దించి చివరిసారి నా కూత వేశాను. అలవాటు కొద్దీ రాళ్ళు ఏరి జవాబులు లెక్క పెట్టాను. ఆశమ్మ ఒకటి. రెండు, మూడు. మొండితోక నాలుగు. ఐదు, ఆరు. ఆలస్యంగా పటాకి, ఏడు. ఎప్పుడూ వచ్చే ఏడే. మూట ఎత్తుకున్నాను.

అప్పుడు ఎనిమిదోది వచ్చింది. మంచె వైపు నుంచి, బొంగురుగా, కొసన కొంచెం జారుతూ.

రాయి మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పద్ధతి ప్రకారం రాయాలి.

జవాబులు: ఎనిమిది. ఎనిమిదోది నలభై ఏడో గొంతు. పెట్టె కాదు. పెట్టె నా మూటలో ఉంది. లేకపోయినా తెలిసేది.